బాస్‌మన్ క్లోన్ గొడవ: అసలు మలుపు 1962లో

హైదరాబాద్ గిటారిస్టుల మధ్య పాత పంచాయితీ మళ్ళీ మొదలైంది. నగరంలోనే చేత్తో కట్టిన ఫెండర్ బాస్‌మన్ క్లోన్ (అమెరికా కంపెనీ ఫెండర్ చేసిన పాత ఆంప్లిఫయర్‌కు, అంటే ఆంప్‌కు, నకలు) ఒకటి కొన్న వ్యక్తి, వెనక పలక విప్పి చూస్తే మూడు మార్పులు బయటపడ్డాయి. మొదటి సాకెట్‌లో ఉండాల్సిన 12ఏవై7 వాల్వు (సిగ్నల్‌ను పెంచే గాజు గొట్టం) లేదు, 12ఏఎక్స్7 ఉంది. నాలుగు 10 అంగుళాల స్పీకర్ల చోట 8 ఓమ్‌ల స్పీకర్ ఒక్కటే పెట్టి, ఫీడ్‌బ్యాక్ వైరును (స్పీకర్ నుంచి సిగ్నల్‌లో కొంత వెనక్కి తెచ్చే వైరు) దానికే కలిపారు. ట్రాన్స్‌ఫార్మర్లు రెండూ (కరెంటు తెచ్చేదీ, స్పీకర్‌కు సిగ్నల్ ఇచ్చేదీ) ఇక్కడే చుట్టించినవి. ఇది క్లోనే కాదు, డబ్బు వాపసు ఇమ్మంటున్నారు కొన్నాయన. సర్క్యూట్ అదే, మన కరెంటుకూ దొరికిన సామానుకూ తగ్గట్టు సర్దానంటున్నారు బిల్డర్.

ఫెండర్ కంపెనీ పెట్టిన లియో ఫెండర్ రేడియో రిపేరు రోజుల గురించీ, ట్వీడ్ గుడ్డ చుట్టిన పెట్టెల గురించీ ఈ రంగంలో ఉన్నవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఇప్పుడు పనికొచ్చేది 1950ల చివర్లో వచ్చిన 5ఎఫ్6-ఏ అనే బాస్‌మన్ సర్క్యూట్ ఒక్కటే. పవర్ వాల్వులు రెండు 5881లు, ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్ జీజెడ్34, స్పీకర్లు నాలుగు. బాస్ గిటార్ కోసం చేసిందే అయినా మామూలు గిటారిస్టులే దానికి ఎక్కువ అతుక్కుపోయారు. ఆ కాలపు ఫెండర్ ఆంప్‌ల లోపల అతికించిన వాల్వుల చార్టు మీద, ఏటీ అండ్ టీ, వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీల పేటెంట్ల లైసెన్సు కింద తయారైనట్టు ముద్రించి ఉండేది. ఇవాళ మనం మూలం అంటున్నదానికి కూడా వెనక ఇంకొకరి పని ఉంది.

ఈ గొడవంతా అర్థం కావాలంటే 1962లో లండన్ పశ్చిమాన హాన్‌వెల్‌లో ఏం జరిగిందో చూడాలి. అక్కడ జిమ్ మార్షల్‌ది డ్రమ్ముల షాపు. షాపుకొచ్చే గిటారిస్టులకు ఫెండర్ మోత కావాలి. కానీ అమెరికా నుంచి దిగుమతయ్యే ఆంప్ ధర వాళ్ళకు అందేది కాదు. షాపులో రిపేర్లు చూసే కెన్ బ్రాన్, కుర్రవాడైన డడ్లీ క్రేవెన్ కలిసి బాస్‌మన్‌ను ముందు పెట్టుకుని దాదాపు మక్కీకి మక్కీ దించారు. అలా పుట్టిందే జేటీఎం45. అమెరికా ట్రాన్స్‌ఫార్మర్ దొరక్క, రేడియోస్పేర్స్ కేటలాగ్‌లో ఉన్న బ్రిటిష్ ట్రాన్స్‌ఫార్మర్ బిగించారు. 12ఏవై7 బదులు అక్కడ ఎక్కడైనా దొరికే ఈసీసీ83 పెట్టారు, అంటే మన 12ఏఎక్స్7. మొదట్లో 5881లే వాడినా తర్వాత కేటీ66 వచ్చింది. వెనక తెరిచి ఉండే జెన్సెన్ స్పీకర్ల పెట్టె పోయి, అన్ని వైపులా మూసిన పెట్టెలో 12 అంగుళాల సెలెస్టియన్ స్పీకర్లు నాలుగు చేరాయి.

కొత్త ధ్వని కోసం ప్రత్యేకంగా కూర్చుని చేసిన మార్పులు కావివి. చాలావరకు ఆ ఊళ్ళో ఏది దొరికితే అది పెట్టారు. అయినా వచ్చిన ధ్వని ఫెండర్‌ది కాదు. 12ఏవై7 ఆంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచగలదో చెప్పే అంకె) 44 అయితే 12ఏఎక్స్7ది 100. గిటార్ వాల్యూమ్ కొంచెం పెంచగానే సిగ్నల్ చిరగడం (డిస్టార్షన్) మొదలవుతుంది. తర్వాతి పదేళ్ళ రాక్ సంగీతంలో మనం విన్న గిటార్‌లో సగం ఆ చిరుగే.

వాల్వు మార్పు అందరికీ కనిపిస్తుంది. కనిపించనిది ఫీడ్‌బ్యాక్ వైరు. బాస్‌మన్‌లో 8 ఓమ్‌ల స్పీకర్లు నాలుగూ ప్యారలల్‌లో ఉంటాయి కాబట్టి మొత్తం 2 ఓమ్‌లు. అక్కడి నుంచి ఒక వైరు 27కే (27 వేల ఓమ్‌ల) రెసిస్టర్ గుండా ప్రెజెన్స్ నాబ్ (పై స్వరాల పదును సర్దేది) దగ్గరికి తిరిగొస్తుంది. జేటీఎం45లో రెసిస్టర్ విలువ అదే, వైరు మాత్రం ట్రాన్స్‌ఫార్మర్‌లో 16 ఓమ్‌ల ట్యాప్ (స్పీకర్‌కు కలిపే కొస) నుంచి వస్తుంది. పవర్ అంతే ఉన్నా 16 ఓమ్‌ల దగ్గర వోల్టేజి సుమారు 2.8 రెట్లు, కాబట్టి ఫీడ్‌బ్యాక్ కూడా ఆ మేరకు పెరుగుతుంది. బాస్ బిగుస్తుంది, ధ్వని చివరిదాకా శుభ్రంగా ఉండి ఒక్కసారిగా విరుగుతుంది. హైదరాబాద్ క్లోన్‌లోనూ ఇదే జరిగింది. 2 నుంచి 8 ఓమ్‌లకు మారితే వోల్టేజి రెట్టింపు. మూలంలో ఉన్నంత ఫీడ్‌బ్యాకే కావాలంటే 27కే తీసి 56కే వేయాలి. బిల్డర్ వేయలేదు. మరీ మెత్తగా ఉన్న బాస్‌ను బిగించడానికి కావాలనే అలా ఉంచానంటున్నారు. చెవికి నచ్చితే అందులో తప్పేమీ లేదు. ఆ మాట అమ్మేటప్పుడే చెప్పి ఉండాల్సింది.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర బిల్డర్ వాదన ఇంకా బలమైనది. 5ఎఫ్6-ఏ డ్రాయింగ్‌లో 5881 ప్లేట్ (వాల్వులో ఎక్కువ వోల్టేజి అందుకునే పలక) దగ్గర రాసి ఉన్నది 432 వోల్టులు. 5881 డేటాషీట్ హద్దు 400. అంటే ఫెండరే ఆ వాల్వును హద్దు దాటించి నడిపారు. మన కరెంటు 230 వోల్టులని పేరే గానీ, లోడు తగ్గిన వేళ మీటరు 245, 250 చూపించే కాలనీలు నగరంలో ఉన్నాయి. 230కి చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌కు 250 ఇస్తే ఆ 432 కాస్తా 470 దాకా పోతుంది, ఫిలమెంట్ వోల్టేజీ అదే లెక్కన పెరుగుతుంది. అందుకే ఈ బిల్డర్ ప్రైమరీకి (కరెంటు లోపలికొచ్చే చుట్టకు) 230తో పాటు 250 ట్యాప్ కూడా తీయించారు. ఫ్రీక్వెన్సీ చిక్కు వేరే ఉంది. 60 హెర్ట్జ్‌కు సరిపోయేంత ఇనుముతో చేసిన అమెరికా ట్రాన్స్‌ఫార్మర్‌ను 50 హెర్ట్జ్ మీద నడిపితే కోర్‌లో ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) 20 శాతం పెరిగి అది వేడెక్కుతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని తగ్గిస్తుందే గానీ హెర్ట్జ్‌ను మార్చదు. బరువుగా స్టాంపింగులు (ఇనుప రేకులు) పేర్చి ఇక్కడే చుట్టించడమే సరైన పని.

వాల్వుల సంగతీ అంతే. 1960ల నుంచి బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ ఈసీసీ83లు చేసింది. కోఠి గుజరాతీ గల్లీలో పాత స్టాకుగానో, ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత మైకుసెట్ల లోపలో అవి ఇప్పటికీ చేతికి తగిలే అవకాశముంది. 12ఏవై7 మన రేడియోలు వాడిన రకం కాదు, బయటి నుంచి తెప్పించుకోవాల్సిందే. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో రష్యాలో వాల్వులు చేసే సరాటోవ్ ఫ్యాక్టరీ ఎగుమతులకు అడ్డంకి వచ్చినప్పుడు ప్రపంచమంతటా వాల్వుల ధరలు ఎగబాకాయి. చేతిలో ఉన్నదానితో సర్దుకోవడం ఇక్కడి బిల్డర్లకు అప్పట్నుంచి మరింత అలవాటైంది.

కొన్నాయన మాటలోనూ న్యాయం ఉంది. ఆయన డబ్బు పెట్టింది 5ఎఫ్6-ఏ అన్న పేరు చూసి. ఆ సర్క్యూట్ మీద ఇప్పుడు ఎవరికీ పేటెంట్ లేదు, ఎవరైనా కట్టుకోవచ్చు. ట్రేడ్‌మార్క్ సంగతి వేరు. ముందు పలక మీద ఫెండర్ లోగో వేసి అమ్మితే చట్టం ఊరుకోదు. ఈ బిల్డర్ ఆ పని చేయలేదు, సొంత పేరే వేసుకున్నారు.

మూడింటిలో రెండు మార్పులు ఒక సాయంత్రం పని. 12ఏవై7 అదే సాకెట్‌లో కూర్చుంటుంది. 27కే తీసి 56కే సోల్డర్ చేస్తే ఫీడ్‌బ్యాక్ మూలానికి దగ్గరగా వచ్చేస్తుంది. అంతకు ముందు ఫిల్టర్ కెపాసిటర్లను (చార్జ్ నిలవ ఉంచే భాగాలు) రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేయాలి. ప్లగ్ పీకేసినా వాటిలో ప్రాణం తీసేంత చార్జ్ నిలిచి ఉంటుంది. ఈ రెండూ ఉచితంగా చేసిస్తానని బిల్డర్ ఇప్పటికే ఒప్పుకున్నారు. తేలనిది ట్రాన్స్‌ఫార్మరే. అమెరికాది తెప్పించి బిగించమని కొన్నాయన పట్టు, 50 హెర్ట్జ్ కోసం చేసింది కాకపోతే తన చేత్తో బిగించనని బిల్డర్ జవాబు.