అమెరికా తొలి చరిత్ర అంతా ఎనిమిదో తరగతి నెత్తిన ఎందుకు పడింది?

టెక్సాస్‌లో ఎనిమిదో తరగతి అమెరికా చరిత్ర పాఠం 1877 దగ్గర ఆగుతుంది. హైస్కూల్లో మళ్ళీ మొదలయ్యేది ఆ 1877 నుంచే. అంటే ఇంగ్లీషువాళ్ళ తొలి స్థిర వలస జేమ్స్‌టౌన్, వలసదారులను తెచ్చిన మేఫ్లవర్ ఓడ, స్వాతంత్ర్య ప్రకటన, రాజ్యాంగం, బానిసత్వం, చెరకీ ఆదివాసులను నేల వదిలించి తరిమేయడం, ఉత్తర దక్షిణ రాష్ట్రాల అంతర్యుద్ధం, ఇవన్నీ పదమూడేళ్ళ పిల్ల ఒక్క ఏడాదిలో చదివేయాలి. ఐదో తరగతిలో ఓసారి తగులుతాయి గానీ అది కథలు వినే వయసు. కాలిఫోర్నియాలో ఎనిమిదో తరగతి 1914 దాకా సాగుతుంది. చాలా రాష్ట్రాలది ఇంచుమించు ఇదే దారి. అమెరికాలో చరిత్ర పాఠాల మీద రగడ అని వార్తలు వచ్చినప్పుడల్లా, కాస్త లోపలికి వెళ్ళి చూస్తే ఆ తగవు చాలావరకు ఈ ఒక్క ఏడాది గురించే.

ఇదేమీ బాగా ఆలోచించి పెట్టిన ముహూర్తం కాదు. 1916లో జాతీయ విద్యా సంఘం వేసిన కమిటీ ఒకటి ‘సోషల్ స్టడీస్’ అన్న పేరుకు అధికార ముద్ర వేసింది. ఏ తరగతిలో ఏం చెప్పాలో కూడా ఆ నివేదికే సూచించింది. అప్పట్లో ఎనిమిదో తరగతి కాగానే చాలామంది పిల్లలు బడి మానేసి పనిలోకి వెళ్ళిపోయేవారు. వెళ్ళిపోయేలోగా దేశచరిత్ర ఒకసారి పూర్తిగా వాళ్ళ చెవిన పడాలన్నది లెక్క. తర్వాత హైస్కూలు అందరిదీ అయింది. చాలా రాష్ట్రాలు చరిత్రను రెండు ముక్కలు చేసి, మొదటి ముక్కను పాత చోటే ఉంచేశాయి. కారణం పోయింది, పీరియడ్ మిగిలింది.

అంతకు ముందు పిల్లలు చదివిందేమిటి? నీతికథలు. మేసన్ వీమ్స్ అనే పాస్టర్ వాషింగ్టన్ జీవితకథ రాసి, 1806 నాటి ముద్రణలో చెర్రీ చెట్టు కథ చేర్చాడు. చిన్నారి జార్జి గొడ్డలితో చెట్టు నరికి, ‘అబద్ధం చెప్పలేను నాన్నా’ అన్నాడని. దానికి ఆధారమేమీ లేదు. అప్పట్లో బడుల్లో విరివిగా చదివించిన మెక్‌గఫీ వాచకాల పుణ్యమా అని అది తరతరాల పిల్లలకు కంఠతా వచ్చింది. సత్యం చెప్పమని బోధించే కథే కల్పితం కావడం ఒక తమాషా.

అసలు కొట్లాట అంతర్యుద్ధం తర్వాత మొదలైంది. ఓడిపోయిన దక్షిణాది సైనికుల కుటుంబాల మహిళలు ‘యునైటెడ్ డాటర్స్ ఆఫ్ ది కాన్ఫెడరసీ’ పేరుతో సంఘం కట్టారు. 1920 ప్రాంతంలో ఆ సంఘానికి చెందిన మిల్డ్రెడ్ రూథర్‌ఫర్డ్ ఒక చిన్న పుస్తకం వేసింది. పాఠ్యపుస్తకాలను కొలవడానికి కొలబద్ద అన్నమాట. బానిసలను నిలుపుకోవడానికే దక్షిణాది యుద్ధం చేసిందని రాస్తే ఆ పుస్తకం వద్దనండి, దక్షిణాది సైనికుణ్ణి ద్రోహి అంటే వద్దనండి, లైబ్రరీలో అలాంటిది కనిపిస్తే మొదటి పేజీలో ‘దక్షిణాదికి అన్యాయం’ అని రాయండి. పుస్తకాలు అమ్ముకునే ప్రచురణకర్తలకు ఈ గొడవ ఎందుకు? దక్షిణాదికి నచ్చేలా మెత్తగా రాసి ఊరుకున్నారు. ఈనాటి తగాదాలు ఎవరో నిన్నమొన్న తెచ్చిపెట్టినవి అనుకునేవారు ఈ చిన్న పుస్తకం ఒక్కసారి చూడాలి.

1930లలో కొలంబియా విశ్వవిద్యాలయం టీచర్స్ కాలేజీ ప్రొఫెసర్ హెరాల్డ్ రగ్ సరిగ్గా ఈ వయసు పిల్లలకే పుస్తకాలు రాశాడు. రాజ్యాంగం రాసినవాళ్ళు చాలామంది ఆస్తిపరులని, ఆ ఆస్తుల ప్రభావం ఆ రాతలో ఉందని చెప్పాడు. మాజీ సైనికుల సంఘం అమెరికన్ లీజియన్ ఆయన మీద విరుచుకుపడింది. వాణిజ్య ప్రకటనల వ్యాపారులూ తోడయ్యారు, ప్రకటనలను నమ్మకండని పిల్లలకు నేర్పుతున్నాడని వాళ్ళ మంట. 1940లో ఒహాయో రాష్ట్రంలోని బ్రాడ్నర్‌లో ఆయన పుస్తకాలను తగలబెట్టారు.

దేశమంతటికీ ఒకే సిలబస్ ఉంటే పోదా అని మనకు అనిపిస్తుంది. అక్కడ చదువు రాష్ట్రాల వ్యవహారం, సిలబస్ జోలికి కేంద్రం వెళ్ళకూడదని చట్టమే ఉంది. ఇష్టమైనవాళ్ళు వాడుకునేలా జాతీయ ప్రమాణాలు తయారు చేయించే ప్రయత్నం ఒకటి జరిగింది. 1994లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గ్యారీ నాష్ బృందం వాటిని సిద్ధం చేసింది. బయటికి రాకముందే రిపబ్లికన్ పార్టీ ప్రముఖురాలు లిన్ చేనీ పత్రికలో దుమ్మెత్తిపోశారు. కమ్యూనిస్టుల వేట సాగించిన సెనేటర్ మెకార్తీ పేరు, ఆయన వాదం పేరు 19 సార్లు, అంతర్యుద్ధంలో ఉత్తరాదిని గెలిపించిన జనరల్ గ్రాంట్ పేరు ఒక్కసారే అని ఆవిడ లెక్క. ఆ పనికి మొదట డబ్బు మంజూరు చేసిన సంస్థకు అప్పట్లో అధిపతి ఆవిడే. 1995 జనవరిలో సెనేట్ 99-1 ఓట్లతో ఆ ప్రమాణాలను ఖండించింది. పేర్లు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టడంతోనే చరిత్ర చర్చ తెల్లారిపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

2002 నాటి చట్టంతో లెక్కలకు, రీడింగ్‌కు ఏటా పరీక్షలు తప్పనిసరయ్యాక సోషల్ మరింత వెనకబడింది. 2022 జాతీయ పరీక్షలో ఎనిమిదో తరగతి పిల్లల్లో చరిత్రలో ‘ప్రొఫిషియెంట్’ (పాఠం మీద గట్టి పట్టు) స్థాయి అందుకున్నవారు 13 శాతమే.

ఈలోగా 2019 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ ‘1619 ప్రాజెక్ట్’ తెచ్చింది. వర్జీనియా తీరంలో ఆఫ్రికన్లను దించి అమ్మిన ఏడాది నుంచి కథ మొదలుపెడదాం అన్నది దాని వాదన. కొందరు పేరున్న చరిత్రకారులు అందులో తప్పులున్నాయని రాశారు. పోటీగా ట్రంప్, స్వాతంత్ర్య ప్రకటన ఏడాది పేరుతో, 1776 కమిషన్ వేశారు. అది 2021 జనవరి 18న నివేదిక ఇస్తే, 20న బైడెన్ ఆ కమిషన్‌ను రద్దు చేశారు. 2025 జనవరిలో ట్రంప్ దాన్ని మళ్ళీ బతికించారు. 2023లో ఫ్లోరిడా తెచ్చిన ప్రమాణాల్లో, బానిసలు నేర్చుకున్న పనులు కొన్ని సందర్భాల్లో వాళ్ళకే ఉపయోగపడగలిగాయని ఒక వాక్యం చేరింది. దేశమంతా ఉలిక్కిపడిన ఆ వాక్యం ఉన్నది కూడా ఆరు నుంచి ఎనిమిదో తరగతుల పాఠంలోనే.

ఇంత రభస నడుమ కొందరు టీచర్లు వేరే దారి పట్టారు. 1770 మార్చి 5న బోస్టన్‌లో బ్రిటిష్ సైనికులు జనం మీద కాల్పులు జరిపితే అయిదుగురు చనిపోయారు. ఆ ఊరి వెండిపనివాడు పాల్ రివీర్ దాన్ని రాగిరేకు మీద చెక్కి అచ్చువేసి అమ్మాడు, అదీ హెన్రీ పెల్హామ్ అనే కుర్రవాడి బొమ్మను చూసి. ఆ బొమ్మ పిల్లల ముందు పెడతారు. సైనికులు వరసగా నిలబడి ఉంటారు, వెనక కెప్టెన్ కత్తి ఎత్తి ఆజ్ఞ ఇస్తుంటాడు. వెనకనున్న కస్టమ్స్ భవనం మీద ‘కసాయి కొట్టు’ అని బోర్డు. కింద మంచు లేదు, జనం చేతుల్లో కర్రలు లేవు. కోర్టులో సాక్షులు చెప్పింది వేరు. సైనికుల తరఫున వాదించింది తర్వాతి రోజుల్లో దేశాధ్యక్షుడైన జాన్ ఆడమ్స్, ఎనిమిది మందిలో ఆరుగురు నిర్దోషులుగా బయటపడ్డారు. మరి ఈ బొమ్మ ఎవరికోసం వేసినట్టు? ఆ ప్రశ్న పిల్లలకు వదిలేస్తారు.

ఆ తరగతి గదుల్లో మన తెలుగు పిల్లలూ కూర్చుంటున్నారు. బ్రిటన్ పన్నుకు నిరసనగా జనం బోస్టన్ రేవులో నీళ్ళపాలు చేసిన తేయాకు ఈస్టిండియా కంపెనీదని చదువుతారు. 1773లో ఆ సరుకు పోగొట్టుకున్న కంపెనీ చేతిలో అప్పటికే మన మచిలీపట్నం ఉంది, ఆ సంగతి పాఠంలో ఉండదు. 1781లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో యార్క్‌టౌన్ దగ్గర ఓడిన బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్, ఒంట్లో బాగాలేదని చెప్పి, లొంగుబాటు తంతుకు తన కింది జనరల్‌ను పంపించాడు. ఎనిమిదో తరగతి పుస్తకం కార్న్‌వాలిస్‌ను అక్కడే వదిలేస్తుంది. అయిదేళ్ళకు ఆయన గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. 1793లో బెంగాల్‌లో ఆయన పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతి 1802లో మన ఉత్తర సర్కారుల్లోకి వచ్చింది.