సముద్రం దాటిన మజిల్ కార్లు: అపోహలు - వాస్తవాలు

పాత అమెరికన్ మజిల్ కార్లను (పెద్ద ఇంజిన్ పెట్టిన 1960, 70ల వేగం కార్లను) కొనేవాళ్ల తరఫున తనిఖీ చేసి రిపోర్ట్ ఇవ్వడం నా పని. కార్లు ఎక్కువగా స్వీడన్, జర్మనీల్లో ఉంటాయి. కొనేవాళ్లు ఎక్కడైనా ఉండొచ్చు. ప్రతి కారు వెంట ఒక కథ వస్తుంది. అమెరికా కార్ల పరిశ్రమకి పుట్టినిల్లు డెట్రాయిట్ నుంచి ఎంత దూరం వస్తే ఆ కథ అంత పెరిగిపోతుంది.

అపోహ: యూరప్‌లో దొరికిందంటే ఎవరో అమెరికన్ సైనికుడు అప్పట్లో తెచ్చుకుని అమ్మేసి వెళ్లిన కారే.

వాస్తవం: అలా వచ్చినవి ఉన్నాయి, కాదనను. కానీ ఇప్పుడు అమ్మకానికి వచ్చే వాటిలో చాలావరకు ఆ తర్వాత కంటైనర్లలో దిగినవే. 2008 జులైలో ఒక యూరో దాదాపు 1.60 డాలర్లు పలికింది. అమెరికాలో కొని ఇటు పంపడానికి అంతకంటే మంచి సమయం ఏముంటుంది? సైనికుడి కథ చెప్పగానే కస్టమ్స్ కాగితం అడగండి. తేదీ అందులోనే ఉంటుంది.

అపోహ: ఫోర్డ్ మస్టాంగ్‌కి టీ-5 బ్యాడ్జ్ ఉంటే అది అరుదైన జర్మన్ మోడల్.

వాస్తవం: జర్మనీలో మస్టాంగ్ పేరు క్రుప్ కంపెనీ ట్రక్కులది. అందుకే ఫోర్డ్ 1970ల చివరిదాకా అక్కడ టీ-5 పేరుతో అమ్మింది. కారు అదే, పేరే వేరు. బ్యాడ్జ్ ఇప్పుడు ఎవరైనా కొనుక్కోవచ్చు, కాబట్టి నేను దాన్ని చూడను. డోర్ మీది ప్లేట్‌లో ఎగుమతి కోడ్ ఉందా, స్పీడోమీటర్ కిలోమీటర్లలో ఉందా అని చూస్తాను. 1967 లేదా ఆ తర్వాతి కారైతే ఫోర్డ్ రికార్డుల నుంచి తీసే మార్టీ రిపోర్ట్ తెప్పించమంటాను.

అపోహ: వీఐఎన్ (ప్రతి కారుకీ ఉండే గుర్తింపు) నంబర్ చూస్తే ఏ ఇంజినో తెలిసిపోతుంది.

వాస్తవం: కంపెనీని బట్టి. 1970, 71 డాడ్జ్, ప్లిమత్ కార్లలో ఐదో అక్షరం ఆర్ అయితే అది 426 హెమీ అనే పేరున్న పెద్ద ఇంజిన్. షెవర్లే కమారోలో ఆ సుఖం లేదు. 1971 వరకు వీఐఎన్ ఆరు సిలిండర్లా, వీ8 ఆ అన్నంతవరకే చెబుతుంది. షెవర్లే అమెరికాలో కారు వారీ రికార్డులు మిగల్చలేదు. కొత్తగా కెనడాలో అమ్ముడైన కార్లకు మాత్రం షెవర్లే మాతృసంస్థ జీఎం (జనరల్ మోటార్స్) కెనడా శాఖ దగ్గర వివరాలున్నాయి. కెనడా మీదుగా స్వీడన్ చేరిన 1969 కమారో జెడ్28 మోడల్‌కి, నేరుగా కాలిఫోర్నియా నుంచి వచ్చినదానికంటే గట్టి ఆధారం దొరకొచ్చన్నమాట.

కాగితం లేనప్పుడు లోహాన్నే అడగాలి. షెవర్లే ఇంజిన్ బ్లాక్ మీద పోత తేదీ ఉంటుంది: సీ 15 9 అంటే 1969 మార్చి 15. కారు ఫిబ్రవరిలో తయారై ఇంజిన్ మార్చిలో పోత పోసి ఉంటే ఇక మాటలు అనవసరం, అది ఆ కారు అసలు ఇంజిన్ కాదు. తర్వాత ఇంజిన్ మీద నంబర్లు కొట్టిన చదును భాగాన్ని, అంటే ప్యాడ్‌ని టార్చ్ వాల్చి పట్టుకుని చూస్తాను. ఫ్యాక్టరీ మెషీన్ వదిలిన సన్నటి సమాంతర గీతలు కనబడాలి. పాత నంబర్లు చెరిపి కొత్తవి కొడితే అవి పోతాయి. నిజాయితీగా రీబిల్డ్ చేసేటప్పుడు ఆ ముఖాన్ని చెక్కినా పోతాయి. అందుకే గీతలు లేవని వెంటనే దొంగ ముద్ర వేయను, ధర మాత్రం తగ్గించమంటాను.

అపోహ: బెల్జియంలో బిగించిన కమారో అసలుది కాదు.

వాస్తవం: అసలుదే. ఆంట్వెర్ప్‌లోనూ, స్విట్జర్లాండ్‌లోని బీల్‌లోనూ అమెరికా నుంచి వచ్చిన భాగాలతో జీఎం ప్లాంట్లే బిగించాయి.

అపోహ: స్వీడన్ కారంటే ఉప్పు రోడ్ల వల్ల తుప్పే.

వాస్తవం: అక్కడివాళ్లకి ఈ కార్లంటే పిచ్చి. 1978 నుంచి పవర్ బిగ్ మీట్ అనే అమెరికన్ కార్ల జాతర జరుగుతోంది. చలికాలంలో కారు బయటికి తీయరు. నాకు భయం అమెరికాలో ఉప్పు చల్లే ఒహాయో, మిషిగన్ రోడ్లమీద గడిపిన మొదటి పదేళ్ల గురించే. విండ్‌షీల్డ్ కింది కౌల్, డిక్కీ అడుగు, వెనక క్వార్టర్ ప్యానెళ్లు ముందు చూడండి.

అపోహ: ఆస్ట్రేలియాలోని పాత రైట్ హ్యాండ్ డ్రైవ్ మస్టాంగ్ అమెరికా ఫ్యాక్టరీలోనే అలా తయారైంది.

వాస్తవం: ఫ్యాక్టరీ రైట్ హ్యాండ్ మస్టాంగ్ 2015 మోడల్ తరంతోనే వచ్చింది. 1965-66 కార్లు దాదాపు 200 మాత్రం ఫోర్డ్ ఆస్ట్రేలియానే సిడ్నీలోని హోమ్‌బుష్‌లో మార్చి అమ్మింది. వాటికి విలువ వేరు. మిగతావి ప్రైవేట్ షెడ్లలో ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ సీట్లకీ మధ్య గోడ) కోసి మార్చినవి. వెల్డింగ్ చూస్తే పనివాడెలాంటివాడో తెలుస్తుంది. మీరే అమెరికా నుంచి ఆస్ట్రేలియాకి పంపిస్తుంటే ఇంకో విషయం: అక్కడ 2003 చివరి నుంచి ఆస్బెస్టాస్ పూర్తిగా నిషేధం. పాత బ్రేక్ లైనింగ్‌లు, క్లచ్, గాస్కెట్లలో అది ఉంటే కారు పోర్టులోనే ఆగిపోతుంది. బయల్దేరకముందే మార్పించి బిల్లులు దగ్గర పెట్టుకోండి.