తాత రక్తం గురించి అవ్వ ఉత్తరం

తిరుపతి

చిన్నోడికి, పాపకు అవ్వ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో పాప అడిగింది, "తాతకు క్యాన్సరంట కదా అవ్వా, మరి మందెందుకు ఇవ్వలేదు? మన దగ్గర డబ్బుల్లేవా?" అని. డబ్బుల సంగతి కాదమ్మా. ఫోన్లో చెప్తే సగం వినిపించి సగం పోతుందని కూర్చొని రాస్తున్నాను. ముప్పై ఏళ్ళు ల్యాబులో రక్తం చూసినదాన్ని, మీకిది నేనే చెప్పాలి. తాతకు వచ్చింది సీఎల్ఎల్ అనే రక్త క్యాన్సరు.

షుగరు పరీక్షకని ఇచ్చిన రక్తంలో తాతకు తెల్లకణాలు 32 వేలు వచ్చాయి. మామూలుగా 4 వేల నుంచి 11 వేల లోపు ఉంటాయి. జ్వరం లేదు, దగ్గు లేదు. ఆ స్లైడు అడిగి తీసుకొని నేనే మైక్రోస్కోపులో చూశాను. నిండా చిన్న లింఫోసైట్లు (తెల్లకణాల్లో ఒక రకం), మధ్యమధ్యలో చితికి మరకల్లా మిగిలినవి. వీటిని స్మడ్జ్ కణాలంటారు. ఈ జబ్బులో కణాలు పెళుసు, గాజుపలక మీద పూసేటప్పుడే పగిలిపోతాయి. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. కానీ లింఫోసైట్లలో బీ కణాలు, టీ కణాలు మైక్రోస్కోపుకు ఒకే మాదిరి కనిపిస్తాయి. బీ కణాల క్యాన్సర్లలోనూ చూపుకు ఒకటిగా ఉండి నడతలో వేరుగా ఉండేవి ఉన్నాయి.

అందుకని కణం పైపొర మీద ఉండే ప్రోటీన్లను చూడాలి. ఒక్కో ప్రోటీనుకే అతుక్కునే యాంటీబాడీని ఎంత కావాలంటే అంత తయారుచేసే పద్ధతిని 1975లో కోలర్, మిల్‌స్టీన్ కనిపెట్టారు, 1984లో నోబెల్ అందుకున్నారు. మొదట్లో ఒకే ప్రోటీనును ఒక్కో ల్యాబు ఒక్కో పేరుతో పిలిచేది. మనం బెంగుళూరా అనే మామిడిని ఇంకొకరు తోతాపురి, తమిళులు కిళిమూక్కు అన్నట్టు. 1982లో ప్యారిస్ సమావేశంతో ఈ ప్రోటీన్లకు అందరూ ఒకేలా వాడే సీడీ నంబర్లు వచ్చాయి.

తాత రక్తాన్ని ఊదారంగు మూత గొట్టంలో తీసి, మెరిసే రంగులు తగిలించిన యాంటీబాడీలు కలిపారు. ఫ్లో సైటోమీటరులో కణాలు దర్శనం క్యూలో మాదిరి ఒకదాని వెనుక ఒకటి లేజర్ వెలుగు దాటుతాయి. ఏ కణం ఏ రంగులో మెరిసిందో మిషను రాసుకుంటుంది. నిమిషాల్లో వేల కణాలు.

సీడీ19 మెరిసింది, కాబట్టి అవి బీ కణాలు. వాటి మీదే సీడీ5 కూడా మెరిసింది. సీడీ5 టీ కణాల సొత్తు, ఆరోగ్యమైన బీ కణాల్లో కొన్నింటికే ఉంటుంది. గంగమ్మ జాతరలో మగవాళ్ళు చీర కట్టి పూలు పెట్టుకొని వేషం కడతారు చూశారే, అట్లా. నేను వెంటనే వెతికింది సీడీ23 కోసం. ఎందుకంటే మాంటిల్ సెల్ లింఫోమా అనే ఇంకో బీ కణాల క్యాన్సరులోనూ వాటి మీద సీడీ5 ఉంటుంది, సీడీ23 మాత్రం సాధారణంగా ఉండదు. ఆ జబ్బు దారి వేరు, వైద్యం వేరు. తాతకు సీడీ23 ఉంది. ఎఫ్ఎంసీ7 అనే ఇంకో గుర్తు లేదు. సీడీ79బీ, పైపొర మీది ఇమ్యునోగ్లోబులిన్ (యాంటీబాడీకే ఇంకో పేరు) మసగ్గా ఉన్నాయి. సీడీ5తో కలిపి ఈ ఐదూ ఇట్లా ఉంటే తలా ఒక మార్కు వేసే లెక్క 1990ల నుంచి ఉంది. నాలుగో ఐదో వస్తే క్రానిక్ లింఫోసైటిక్ ల్యుకీమియా, పొట్టిగా సీఎల్ఎల్. తాతకు ఐదుకు ఐదు.

ఇంకొకటి. బీ కణాల మీద కప్పా, లాంబ్డా అని రెండు రకాల ప్రోటీను గొలుసులుంటాయి. ఒక్కో కణానికి ఏదో ఒకటే. మన రక్తంలో రెండు రకాల కణాలూ కలిసి ఉంటాయి. తాత జబ్బు కణాలన్నిటికీ కప్పానే. అంటే అన్నీ ఒకే తల్లి కణం పిల్లలు. అట్లాంటివి మైక్రోలీటరు రక్తంలో 5,000 దాటి మూడు నెలలు నిలిస్తేనే సీఎల్ఎల్ అంటారు. అందుకే తాత జబ్బు పేరు ఖాయం కావడానికి అన్నాళ్ళు పట్టింది.

ఇక జబ్బు ఎట్లా నడుస్తుందన్నది. సీడీ49డీ అనే ప్రోటీను కణాన్ని ఎముక మజ్జలో, లింఫు గ్రంథుల్లో పట్టి నిలిపే కొక్కెం. అక్కడ నిలిచిన కణాలకు బతకమని, పెరగమని సంకేతాలు అందుతాయి. నూటికి 30, ఆపైన కణాలకు ఈ కొక్కెముంటే మందు అవసరం తొందరగా రావచ్చు. సీడీ38 కూడా అట్లాంటి కబురే చెబుతుంది కానీ కాలంతో మారొచ్చు, నాకు సీడీ49డీ మీదే గురి. తాతకు రెండూ తక్కువే. అయినా పైపొరతోనే తేలదు, జన్యువులూ చూడాలి. కణాలు అదుపు తప్పకుండా కాపాడే టీపీ53 జన్యువు చెడలేదు. యాంటీబాడీ తయారీకి పనికొచ్చే ఐజీహెచ్‌వీ జన్యువులో మార్పులున్నాయి. మార్పులంటే భయపడొద్దు, ఈ జబ్బులో మార్పులున్న రకమే నిదానంగా నడిచేది.

ఇప్పుడు పాప ప్రశ్న. ఒంట్లో బాధ లేనప్పుడే మందు మొదలుపెట్టి చూశారు, ఆయుష్షేమీ పెరగలేదు, మందుల కష్టాలు మాత్రం ముందే మొదలయ్యాయి. అందుకని కాచుకొని చూస్తారు. హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు పడిపోయినా, గ్రంథులు బాగా ఉబ్బినా, ఆరు నెలల్లోపే లింఫోసైట్లు రెట్టింపైనా, కారణం లేకుండా బరువు తగ్గి రాత్రిళ్ళు చెమటలు పట్టినా అప్పుడు మొదలుపెడతారు. ఇబ్రూటినిబ్, వెనెటోక్లాక్స్ లాంటి మాత్రలున్నాయి. రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందైతే బీ కణాల మీది సీడీ20కే వెళ్ళి అతుక్కుంటుంది.

మూడు నెలలకోసారి తాత రక్తం ఇచ్చి వస్తున్నాడు, రిపోర్టు నేను చదువుతున్నాను. ఇది అంటుకునే జబ్బు కాదు, తాత పక్కనే పడుకోవచ్చు. కానీ ఆయన ఒంటికి రోగాలను తట్టుకునే శక్తి తగ్గింది. సెలవులకు వచ్చేముందు జలుబు చేస్తే, తగ్గినాకే బస్సెక్కండి.

మీ అవ్వ