పాత బండి చప్పుడుకూ ఒక లెక్క ఉంది

తిరుపతిలో విశ్వవిద్యాలయాల చుట్టూ, చిత్తూరు పక్క పల్లెల్లో చేతులు మారుతుండే 100 సీసీ బళ్ళలో చాలావాటికి ఏదో ఒక చప్పుడు ఉంటుంది. కొన్నవారు షెడ్డుకు తీసుకెళ్ళి, "అన్నా, ఇంజన్లో ఏదో సౌండు వస్తా ఉంది" అంటారు. ఈ మాటలో మెకానిక్‌కు పనికొచ్చే సమాచారం దాదాపు ఏమీ లేదు. పైగా చప్పుడు ఇంజన్లోనే పుట్టిందన్న ఊహ ముందే చేరిపోయింది. టకటకలాడుతోందా, గరగరలాడుతోందా అన్న వర్ణన కంటే, అది దేనితో పాటు వేగం పుంజుకుంటోంది, దేనితో పాటు ఆగుతోంది అన్నది గట్టి ఆధారం. బండిలో తిరిగే ప్రతి భాగం వేగానికీ మరొకదాని వేగానికీ ఉన్న నిష్పత్తిని పళ్ళ చక్రాలు ముందే నిర్ణయించి ఉంచాయి కాబట్టి, చప్పుడును లెక్కపెట్టగలిగితే అది ఏ భాగానిదో చాలావరకు తేలిపోతుంది.

మొదట తేల్చవలసింది చప్పుడు ఇంజన్‌దా, చక్రాలదా అన్నది. బండిని నిలిపి, న్యూట్రల్‌లో ఉంచి రేజ్ చేసినప్పుడు చప్పుడు వినిపిస్తే చక్రాలు, చైను నిర్దోషులు. అలా నడుస్తుండగానే క్లచ్ పట్టినప్పుడు చప్పుడు మారితే క్లచ్, గేర్‌బాక్సు వైపు చూడాలి. కదులుతున్నప్పుడే వచ్చే చప్పుడైతే గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఒకసారి మూడో గేరులో, ఒకసారి నాలుగో గేరులో నడిపి వినాలి. రెండు సందర్భాల్లోనూ చక్రం వేగం ఒకటే, ఇంజన్ వేగం మాత్రం వేరు. కాబట్టి గేరు మారినా మారని లయ చాలావరకు చక్రానిదో చైనుదో అవుతుంది. రద్దీ లేని కొద్దిపాటి వాలులో ఇంజన్ ఆపి బండిని దొర్లనిచ్చి కూడా ఈ సంగతి తెలుసుకోవచ్చు. అయితే ఈ పరీక్షను ఘాట్ రోడ్డులో మాత్రం ఎవరూ చేయకూడదు, ఎందుకంటే అక్కడ దిగేటప్పుడు ఇంజన్ పట్టే పట్టు లేకపోతే భారమంతా బ్రేకుల మీదే పడి అవి వేడెక్కుతాయి.

ఇక లెక్క. 18 అంగుళాల చక్రం టైరుతో కలిపి ఒక్క చుట్టుకు సుమారు 1.9 మీటర్లు నడుస్తుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 5.6 మీటర్లు, అంటే దాదాపు మూడు చుట్లు. ఆ వేగంలో సెకనుకు మూడుసార్లు వినిపించే చప్పుడు చక్రానిది: టైరులో గుచ్చుకున్న మేకు కావచ్చు, గుండ్రం తప్పిన బ్రేక్ డ్రమ్ము కావచ్చు. చైను లెక్క ఇంకా ఆసక్తికరం. ఉదాహరణకు చైను నడిచే పళ్ళ చక్రాల్లో, అంటే స్ప్రాకెట్లలో, ముందు దానికి 14 పళ్ళు, వెనుక దానికి 42 పళ్ళు, చైనుకు 110 లింకులు ఉన్నాయనుకుందాం. చక్రం ఒకసారి తిరిగితే 42 లింకులు జరుగుతాయి. చైను పూర్తిగా ఒక చుట్టు రావాలంటే చక్రం 2.6 సార్లు తిరగాలి. చప్పుడు చక్రం చుట్టుకొకసారి వస్తే దోషం వెనుక స్ప్రాకెట్‌లోనో చక్రంలోనో, చుట్టుకు మూడుసార్లు వస్తే ముందు స్ప్రాకెట్‌లో, రెండున్నర చుట్లకు పైగా ఆగి ఒకసారి వస్తే బిగుసుకుపోయిన ఏదో ఒక లింకులో. బండిని డబుల్ స్టాండ్ వేసి, ఇంజన్ ఆపి, టైరు మీద సుద్దముక్కతో గీత పెట్టి, చైనుకు వేళ్ళు దూరంగా ఉంచి చక్రాన్ని నెమ్మదిగా తిప్పితే ఈ మూడింటినీ ఇంటి ముందే విడదీయవచ్చు.

ఇంజన్లో లెక్కపెట్టడం ఇంత సులువు కాదు. స్లో స్పీడులో నిమిషానికి 1,400 చుట్లు తిరిగే క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) సెకనుకు 23 సార్లు తిరుగుతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్లో వాల్వులను నడిపే క్యామ్ దానిలో సగం వేగంతో, అంటే సెకనుకు సుమారు 12 సార్లు తిరుగుతుంది. సెకనుకు ఇరవైకి అటూ ఇటూ దాటిన దెబ్బలను మన చెవి విడివిడిగా గుర్తించలేదు. అవి కలిసి ఒక మోతగా మారతాయి. అందుకే టాపెట్ (వాల్వును తట్టే భాగం) శబ్దం స్లో స్పీడులో విడి టిక్కులుగా వినిపిస్తుంది, క్రాంకు వేగంతో వచ్చేది బొంగురు మోతగా ఉంటుంది. అయితే ఇక్కడ లెక్క ఒక్కటే చాలదు. సైలెన్సర్ పైపు ఇంజన్‌కు కలిసే చోట గాస్కెట్ పోయి పొగ కారినా అచ్చం ఇదే లయలో టిక్కుమంటుంది, ఎందుకంటే పొగ వదలడమూ రెండు క్రాంకు చుట్లకు ఒకసారే. ఆ కీలు దగ్గర మసి మరక ఉందేమో చూడకుండా టాపెట్లు బిగించడం దండగ పని. బిగించేటప్పుడైనా చప్పుడు పూర్తిగా పోవాలని పట్టుబట్టకూడదు. చిన్న ఇంజన్లలో టాపెట్‌కూ వాల్వుకూ మధ్య సందు మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూగానే ఉంటుంది, అయినా అది ఉండి తీరాలి; లేకపోతే వాల్వు సరిగ్గా మూసుకోక కాలిపోతుంది.

మెకానిక్కులు పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవి దగ్గరి ఎముకకు తాకించి వినడం వెనుక మంచి భౌతికశాస్త్రం ఉంది. లోహంలోని ధ్వని గాలిలోకి వచ్చే హద్దు దగ్గర చాలావరకు వెనక్కి తిరిగిపోతుంది. స్క్రూడ్రైవర్ ఆ హద్దును తప్పించి ధ్వనిని నేరుగా ఎముకకు చేరుస్తుంది. 1816లో లెనెక్ అనే ఫ్రెంచి వైద్యుడు రోగి ఛాతీకి నేరుగా చెవి ఆనించడం కుదరక, కాగితాన్ని గొట్టంలా చుట్టి గుండె విన్నప్పుడు కూడా చప్పుడు ఇంకా స్పష్టంగా వినిపించింది.

పాత బండి కొనేవారు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వినాలి. అల్యూమినియం పిస్టన్ వేడికి, అది ఆడే ఇనుప గొట్టం (బోరు) కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి, అరిగిన బోరులో పిస్టన్ కొట్టుకునే చప్పుడు వేడెక్కేకొద్దీ అణిగిపోతుంది. దీనికి విరుద్ధంగా, పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగు అరిగితే ఆయిలు పలచబడేకొద్దీ లోతైన దెబ్బ పెరుగుతుంది. అమ్మేవారు బండిని ముందే స్టార్ట్ చేసి ఉంచితే మొదటి రోగం దాగుతుంది, చిక్కటి ఆయిలు పోసి ఉంటే రెండోదీ కొంత దాగుతుంది. నలభై డిగ్రీలు దాటే తిరుపతి మే నెలలో మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన ఇంజన్‌ను చల్లనిదని అనలేము. తెల్లవారే వెళ్ళడం మేలు.

కొన్ని చప్పుళ్ళు భారం పడితేనే బయటికి వస్తాయి. ఈ విషయంలో తిరుపతివారికి తిరుమల కొండే పరీక్షాశాల: 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు ఎక్కడానికి, 1944 నాటి మొదటిది దిగడానికి. ఎక్కేటప్పుడు పై గేరులోనే లాగిస్తే వినిపించే సన్నని కటకట, మండక మిగిలిన పెట్రోలు, గాలి మిశ్రమం ఒక్కసారిగా అంటుకుని సిలిండర్‌ను మోగించడం వల్ల వస్తుంది. 50 మిల్లీమీటర్ల బోరులో ఆ మోత సెకనుకు సుమారు 11 వేల కంపనాల దగ్గర ఉంటుంది కనుక, వయసు మళ్ళిన చెవికి అంత తేలిగ్గా అందదు. వెనుక కూర్చున్న మనవడు ముందు వింటాడు. గేరు తగ్గించగానే అది పోతే భాగాలు అరగలేదన్నమాటే, అయినా తరచూ వస్తుంటే లోపలి మసినీ, ఇగ్నిషన్ టైమింగ్‌నూ (నిప్పురవ్వ పడే సమయాన్నీ) చూపించాలి. దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదలగానే మొదలయ్యే టకటక, వదులైన చైనుదో వెనుక హబ్బులోని అరిగిన రబ్బరు ముక్కలదో కావచ్చు.

ఒకే ఒక వేగం దగ్గర పుట్టి, దాటగానే మాయమయ్యే గలగల చాలాసార్లు నంబర్ ప్లేటుదో, చీర గార్డుదో, సైలెన్సర్ మీది రేకుదో అవుతుంది. ఇంజన్ వణుకు ఆ రేకు సహజ కంపనంతో కలిసినప్పుడు అది మోగుతుంది. మందపాటి గుడ్డతో నొక్కి పట్టుకుంటే ఆగుతుంది, ఖర్చు ఒక బోల్టు. భారం మీదే వచ్చే చప్పుడు షెడ్డులో స్టాండు మీద ఎంత రేజ్ చేసినా వినిపించకపోవచ్చు కాబట్టి, వెనుక కూర్చున్నవారి చేత ఫోనులో రికార్డు చేయించి, అప్పుడున్న గేరు, వేగం, ఎక్కుడో దిగుడో పైకి చెప్పించి, దానిని మెకానిక్‌కు వినిపించడం మంచిది.