టార్క్ రెంచి కొనే ముందు బోల్టు సంగతి

12 మిల్లీమీటర్ల వీల్ బోల్టు మీద నట్టును 100 న్యూటన్ మీటర్లకు (మెలితిప్పే బలానికి కొలత ఇది) బిగిస్తే, ఆ ఒక్క బోల్టే చక్రాన్ని హబ్బుకేసి దాదాపు నాలుగు టన్నుల బలంతో అదిమి పట్టుకుంటుంది. అంత బలం ఎక్కడిదంటే, బోల్టు సాగుతుంది. బిగించేకొద్దీ ఉక్కు వెంట్రుకవాసి సాగి, రబ్బరు బ్యాండులా వెనక్కి లాగుతూ ఉంటుంది. పట్టు అంటే ఆ లాగుడే. సాగుడు చాలకపోతే గతుకుల్లో నట్టు వదులవుతుంది. మరీ ఎక్కువైతే ఉక్కు మళ్లీ మొదటి పొడవుకు రాదు. బోల్టు మీది మర (నట్టు ఎక్కే గాడి) పోతుంది, ఒక్కోసారి బోల్టే తెగుతుంది.

చిక్కేమిటంటే, నట్టును చెప్పిన అంకెకు బిగించడానికి వాడే టార్క్ రెంచి ఈ సాగుడును కొలవదు. మనం ఎంత బలంగా మెలితిప్పుతున్నామో అంతవరకే దానికి తెలుస్తుంది. ఒక మీటరు కడ్డీ కొసన సుమారు 10 కిలోల బరువు వేలాడదీస్తే వచ్చే మెలి 100 న్యూటన్ మీటర్లు. అర మీటరు రెంచి అయితే 20 కిలోల బలంతో లాగాలి. అందులో నూటికి 90 వంతుల దాకా ఘర్షణే తినేస్తుంది. దాదాపు సగం నట్టు అడుగున, మరో 40 వంతులు మరల మధ్య పోతుంది. బోల్టును సాగదీయడానికి మిగిలేది పదో వంతు.

అందుకే మన నెల్లూరు సముద్రతీరంలో ఈ సంగతి పట్టించుకోక తప్పదు. ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల దగ్గరికి రోజూ తిరిగే బండి చక్రం ఒకటి ఊడదీసి చూడండి. ఉప్పుగాలికి తుప్పు పట్టి మరల సందుల్లో ఎర్రటి పొడి పేరుకుని ఉంటుంది. నట్టును చేత్తో ఎక్కించబోతే రెండు చుట్లకే పట్టేస్తుంది. అలాంటి దాన్ని అదే 100కు బిగిస్తే తుప్పు ఇంకొంత బలాన్ని మింగి, పట్టు మూడు టన్నుల లోపే ఆగిపోవచ్చు. రెంచి మాత్రం పెట్టిన అంకె రాగానే ఎప్పటిలాగే టక్కుమంటుంది. పోనీ ఆయిల్ రాద్దామంటే అదీ ప్రమాదమే. ఘర్షణ తగ్గిపోయి అదే అంకెకు పట్టు ఐదున్నర టన్నులు దాటవచ్చు. మాన్యువల్‌లో ఇచ్చే వీల్ నట్టు అంకెలు మామూలుగా ఆయిల్ రాయని పొడి మరలకు ఇచ్చినవి. కాబట్టి వైరు బ్రష్షుతో తుప్పు గీకి, పొడిగుడ్డతో తుడిచి, నట్టు చేత్తోనే సాఫీగా చివరిదాకా తిరిగేలా చేసుకున్నాకే రెంచి అందుకోవాలి. అలా తిరగకపోతే నట్టు, బోల్టు మార్చేయడమే మేలు.

ఇక కొనడం. ముందు మీ బండి మాన్యువల్ తీసి, మీరు ఇంట్లో నిజంగా చేసుకునే పనుల అంకెలు రాసుకోండి. చిన్న కార్ల వీల్ నట్లు చాలావరకు 80 నుంచి 110 మధ్య ఉంటాయి. బైకు ఇంజిన్ ఆయిల్ డ్రెయిన్ బోల్టు 20, 30 దగ్గర ఉంటుంది, చిన్న స్పార్క్ ప్లగ్గు ఇంకా తక్కువ. ఈ పనులన్నిటికీ ఒకే రెంచి సరిపోదు. టక్కుమనే క్లిక్ రకం రెంచి ఖచ్చితత్వం హామీ సాధారణంగా దాని గరిష్ఠ అంకెలో 20 శాతం నుంచే మొదలవుతుంది. 200 దాకా పోయే రెంచిని 40 కంటే కింద నమ్మలేం. పైగా అంత కింద అది చేసే టక్ చాలా మెత్తగా ఉంటుంది, చేతికి తెలియకుండా దాటిపోతాం. ఇంజిన్ అల్యూమినియం కాబట్టి మర పోయిందంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. కారు ఉన్నవాళ్లు ముందు అర అంగుళం డ్రైవుది (సాకెట్టు తగిలించే చదరపు కొసను డ్రైవు అంటారు), 40 నుంచి 200 వరకు ఉన్నది తీసుకోండి. బైకు పని ఎక్కువైతే మూడెనిమిదో వంతు అంగుళం డ్రైవులో 10 నుంచి 60 వరకు ఉన్నది చాలు.

సూది చూపించే బీము రకం కూడా మంచిదే. అందులో అరిగేది పెద్దగా లేదు, సూది సున్నా మీద ఉందో లేదో కళ్లకే కనిపిస్తుంది. కాకపోతే సూదికి ఎదురుగా తల పెట్టి చూడాలి, కారు కింద పడుకుని అది కుదరదు. డిజిటల్‌ది ఇంటి పనికి అవసరం లేదని నా అభిప్రాయం. ఏ రకమైనా పెట్టెలో ఆ రెంచి నంబరుతోనే కాలిబ్రేషన్ సర్టిఫికెట్ (అంకెలు సరిగ్గా ఉన్నాయని పరీక్షించి ఇచ్చే పత్రం) ఉందో లేదో చూడండి. ప్లస్ ఆర్ మైనస్ 4 శాతం అని ఉంటే చాలు. 100కు పెడితే 96, 104 మధ్య వస్తుంది. తుప్పు తెచ్చే తేడా ముందు ఇది ఏ మూలకూ రాదు.

బిగించేటప్పుడు పిడి మధ్యలో పట్టుకుని నిదానంగా లాగాలి. లోపల స్ప్రింగు నొక్కిపట్టిన దిమ్మె పక్కకు ఒరిగి, మీట గొట్టం గోడకు తగిలినప్పుడు టక్ వస్తుంది. అంతే తప్ప రెంచి దానంతటది ఆగదు. నమ్మకం కోసం మళ్లీ మళ్లీ లాగితే నట్టు ఇంకా బిగుస్తుంది. నట్లను ఎదురెదురుగా, రెండు విడతల్లో బిగించండి. పని అయ్యాక స్ప్రింగును స్కేలు మీది అతి తక్కువ అంకెకు తగ్గించి పెట్టెలో పెట్టండి, అంతకంటే కిందికి వద్దు. పట్టేసిన నట్లను ఊడదీయడానికి మాత్రం దీన్ని వాడొద్దు, అందుకు మామూలు వీల్ పానా ఉంది.