బాడీబిల్డర్ల ఫొటోలు పోల్చేటప్పుడు: అపోహలు - వాస్తవాలు

బాడీబిల్డింగ్ పోటీల్లో ఫొటోలు తీయడం నా పని. ఇద్దరు ఛాంపియన్ల ఫొటోలు పక్కపక్కన పెట్టి ఎవరి వీపు గొప్పదని జనం వాదించుకుంటుంటే, నా కళ్లు ముందు లైటు ఎటునుంచి పడిందో వెతుకుతాయి. ఏళ్ల తరబడి చెమటోడ్చి పెంచిన కండల్ని ఒక్క ఫొటో చూసి తీసిపారేస్తే నాకు బాధగా ఉంటుంది.

అపోహ: ఎడిట్ చేయని ఫొటో ఉన్నదున్నట్టు చూపిస్తుంది.

వాస్తవం: ఎడిటింగ్ కంటే లైటే ఎక్కువ మారుస్తుంది. కండల మధ్య లోతుగా కనిపించే గీతల్ని చూసి మనం ‘కట్స్’ అని మురిసిపోతాం, అవి చాలావరకు నీడలే. లైటు పైనుంచో పక్కనుంచో ఏటవాలుగా పడితే ప్రతి కండ అంచునా నీడ పడి, పొట్ట మీది పలకలు, తొడల్లోని చీలికలు లోతుగా కనిపిస్తాయి. అదే మనిషిని అదే నిమిషంలో కెమెరా మీది ఫ్లాష్‌తో ఎదురుగా తీయండి, నీడలు చెరిగిపోయి ఒళ్లంతా నున్నగా వస్తుంది. ఇందులో ఎడిటింగ్ ఊసే లేదు. పోటీదారులు ముదురు ట్యాన్ (చర్మాన్ని ముదురు రంగులోకి మార్చే పూత) పూసుకునేదీ ఇందుకే. బలమైన స్టేజ్ లైట్ల కింద లేత రంగు చర్మం వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. ముదురు చర్మం మీద మెరుపుకీ నీడకీ తేడా స్పష్టంగా తెలుస్తుంది. పైగా స్టేజ్ అంతటా లైటు ఒకేలా ఉండదు. మధ్యలో నిలబడ్డవాడికి పడే వెలుగు చివర ఉన్నవాడికి పడకపోవచ్చు.

అపోహ: ఎడిటింగ్ అంటే నడుము సన్నం చేయడం, చేతులు లావు చేయడం.

వాస్తవం: అవి తేలిగ్గానే దొరికిపోతాయి, వెనకున్న బార్‌బెల్లో తలుపు అంచో వంకరపోతుంది. పట్టుకోవడం కష్టమైంది కాంట్రాస్ట్. మెరిసేచోట ఇంకాస్త వెలుగు, నీడలో ఇంకాస్త చీకటి పెంచితే చాలు. శరీరం ఆకారం ఏమీ మారదు, కానీ ఒంట్లో కొవ్వు బాగా తగ్గినట్టు కనిపిస్తుంది.

అపోహ: పాత ఫిల్మ్ ఫొటోల్లో కల్తీ ఉండదు.

వాస్తవం: ఫొటోషాప్ వచ్చింది 1990లో. అంతకు ఎంతోముందే డార్క్‌రూమ్‌లో, అంటే ఫిల్మ్ ఫొటోలు తయారుచేసే చీకటి గదిలో, ప్రింట్ వేసేటప్పుడు కొన్ని చోట్ల వెలుగు ఆపి, కొన్ని చోట్ల ఎక్కువ పడనిచ్చేవారు. 1993 నాటి బాడీబిల్డర్ డోరియన్ యేట్స్ బ్లాక్ అండ్ వైట్ ఫొటోల గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ శరీరం గొప్పదే, ఆ ఏడాది బాడీబిల్డింగ్‌లో అతిపెద్ద టైటిల్ అయిన మిస్టర్ ఒలింపియా కూడా ఆయనదే. అయితే రంగులు తీసేసి వెలుగునీడలే మిగిల్చిన ఆ ఫొటోల పక్కన, వీడియో టేపు నుంచి తీసిన ఇంకొకరి మసక ఫ్రేమ్ పెట్టి తీర్పు చెప్పడం అన్యాయం.

అపోహ: సైజు సరిచేసి పక్కపక్కన పెడితే పోలిక సరిపోతుంది.

వాస్తవం: తలలూ పాదాలూ ఒకే ఎత్తుకు వచ్చేలా సర్దగానే అసలు పొడవులు మాయమవుతాయి. ఆరడుగులు దాటిన ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్, ఆయన కన్నా చాలా పొట్టివాడైన ఫ్రాంకో కొలంబు అలా సమానమైపోతారు. కెమెరా దూరం కూడా ముఖ్యమే. ఫోన్ దగ్గరగా పెట్టి తీస్తే ముందుకు చాచిన చెయ్యి అసలుకన్నా పెద్దదిగా వస్తుంది, కింద నుంచి తీస్తే తొడలు పెరుగుతాయి.

ఒకే పోటీలో, ఒకే పోజులో, ఇద్దరూ ఒకే ఫ్రేమ్‌లో ఉన్న ఫొటో దొరికితే దాన్ని నమ్మొచ్చు. వేర్వేరు తరాల వాళ్లయితే స్టేజ్ మీద తిరుగుతున్న వీడియోలు చూడండి. లైటు మారుతున్నా కండ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మారదు, ముందు దాన్ని పోల్చండి. ఇక ఫొటో ఒక్కటే ఉంటే గడ్డం కింద చూడండి. అక్కడ చిక్కటి నీడ ఉంటే లైటు పైనుంచి పడినట్టు. ఆ ఫొటోలో కట్స్ ఎంత లోతుగా ఉన్నా, నీడలేని ఇంకో ఫొటోతో పోల్చకండి.