ప్రజెంటేషన్ ఇవ్వడం: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో ఇంజినీరింగ్, ఎంబీఏ పిల్లలకు ప్రజెంటేషన్ ఇవ్వడం నేర్పుతుంటాను. ప్రాజెక్టు వైవాల సీజన్ వచ్చిందంటే పటమటలోని మా చిన్న గదిలో కూర్చోవడానికి చోటుండదు. ఏటా ఇవే నమ్మకాలు వింటుంటాను.

అపోహ: మాటల విలువ 7 శాతమే. మిగతా 93 శాతం గొంతు, హావభావాలే.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇది. మనస్తత్వవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967 నాటి ప్రయోగాల నుంచి వచ్చిన అంకెలివి. అక్కడ వినిపించినవి విడి మాటలు. ఆ గొంతులో ఇష్టం ఉందా, అయిష్టం ఉందా అన్నదే ప్రశ్న. భావాల గురించి మాట్లాడేటప్పుడు తప్ప ఈ లెక్క వర్తించదని ఆయనే చెప్పారు. మన పిల్లలేమో అద్దం ముందు చేతులు ఎలా తిప్పాలో చూసుకుంటారు. అసలు ఏం చెప్పాలన్నది ముందురోజు రాత్రి దాకా తేలదు.

అపోహ: మొత్తం బట్టీ పడితే తడబడం.

వాస్తవం: ఒక్క మాట జారితే వెనకున్నవన్నీ పోతాయి. గుంటూరు దగ్గరి పల్లె నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మిర్చి ఆరబెట్టే సోలార్ డ్రయ్యర్ ఆమె ప్రాజెక్టు. తొమ్మిది నిమిషాలు అక్షరం పొల్లు పోకుండా బట్టీ పట్టింది. మూడో నిమిషంలో కరెంటు పోయింది, ఆమె మాటా ఆగిపోయింది. కళ్లలో నీళ్లు. "మీ ఇంట్లో మిర్చి ఎలా ఎండబెడతారమ్మా?" అని అడిగాను. "కల్లంలో సార్. మబ్బు పట్టిందంటే అన్నం ముందు నుంచి లేచి పట్టాలు కప్పడానికి పరిగెత్తాల్సిందే" అంది గుక్క తిప్పుకోకుండా. ఆ మాటతోనే ప్రజెంటేషన్ మొదలుపెట్టించాను. మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం నోటికి రావాలి. మధ్యలో చెప్పేదానికి చీటీ మీద ఐదు పాయింట్లు చాలు.

అపోహ: స్లైడ్ నిండా రాసుకుంటే ధైర్యం.

వాస్తవం: ఆ ధైర్యం మీకే, వినేవాళ్లకు కష్టం. చదువుతూ వినడం ఎవరివల్లా కాదు. పవర్‌పాయింట్ స్లైడ్ షో నడుస్తుండగా కీబోర్డు మీద బీ అక్షరం నొక్కితే తెర నల్లబడుతుంది. అందరూ మీవైపు చూస్తారు.

అపోహ: మనసులో నాలుగుసార్లు చదువుకుంటే ప్రాక్టీసైనట్టే.

వాస్తవం: కాదు. మనసులో ఆరు నిమిషాల్లో అయిపోయింది పైకి చెబితే పది దాటుతుంది. నిలబడి, ఫోన్లో టైమర్ పెట్టి, గట్టిగా మూడుసార్లు చెప్పండి. ఎదురుగా అమ్మనో, మీ సబ్జెక్టు తెలియని తమ్ముడినో కూర్చోబెట్టండి. వాళ్ల చూపు ఎక్కడ పక్కకు పోయిందో, సరిగ్గా అక్కడ కోత పెట్టండి.